గాలికి కదలని ఎర్ర తువాలు

క్యాంపులో బండి దిగగానే నా టోపీ పోయింది. గాలి దాన్ని తలమీంచి లాగి లోయలోకి విసిరేసింది. ఎక్కడ పడిందో కూడా కనబడలేదు. నా వెనకే దిగిన సుబేదార్ సాబ్ అటువైపు చూడను కూడా లేదు. "టోపీ పోతే ఇంకోటి ఇస్తారు. తల ఇవ్వరు. లోపలికి పద," అన్నాడు హిందీలో. ఆ పోస్టింగులో నేను విన్న మొదటి మాట అది.

లోయ పేరు రాయను. రాయకూడదు. రాసినా ప్రొద్దుటూరులో ఫ్యాను కింద కూర్చుని చదివేవాళ్ళకు ఒరిగేదేమీ లేదు. రాష్ట్రం రెండయిన కొన్నేళ్ళకు, నేను హవల్దారుగా ఉన్నప్పటి సంగతి ఇది. రోడ్డు ఆగిపోయే చోట మా క్యాంపు. రెండు పక్కలా కొండలు, ఎక్కడా గడ్డిపోచ లేదు. మధ్యలో గడ్డకట్టిన ఏరు. ఆ ఏటి వెంబడే పైకి నడిస్తే లోయ చివర గ్లేసియర్. హిమానీనదం అని పుస్తకాల్లో రాస్తారు. నది అన్నారని నీళ్ళు పారతాయనుకోకండి. కొండల మధ్య పేరుకుపోయిన మంచు అది, కంటికి తెలియనంత నెమ్మదిగా కిందికి జరుగుతూ ఉంటుంది. దాని అంచుమీద మాకొక పోస్టు. అందులో నలుగురు జవాన్లు. వాతావరణం బాగుంటే క్యాంపు నుంచి పోస్టుకు అయిదు గంటల నడక. మీరు పొద్దున్నే కాలేజీ గ్రౌండులో చేసే నడకలాంటిది కాదు.

మొదటి రోజుల్లో ఊపిరికి అలవాటు పడటమే మా డ్యూటీ. అక్కడి గాలిలో సత్తువ ఉండదు. బూటు లేసు కట్టుకుంటే ఆయాసం వస్తుంది. మంచులో మెలకువలు నేర్పిన ఉస్తాద్ రోజూ మూడు సంగతులే చెప్పేవాడు. చెమట పట్టేంత వేగంగా నడవొద్దు. చేతి తొడుగు తీయొద్దు. ముఖానికి తడి తగలనీయొద్దు. మేం తల ఊపేవాళ్ళం. సైన్యంలో చేరినవాడు అన్నిటికంటే ముందు నేర్చుకునేది తల ఊపడమే.

మా పార్టీలో రేడియో ఆపరేటరుది పెద్దముడియం పక్కన ఒక పల్లె. నాది ప్రొద్దుటూరు. ఇద్దరం ఒకే బస్సు రూటు మనుషులం. అతనికి తల్లిదండ్రులు పెట్టిన పేరుంది గానీ క్యాంపులో అందరూ 'రేడియో' అనే పిలిచేవారు. పాతికేళ్ళవాడు. నన్ను మామా అనేవాడు. ఏ వరసనో నాకూ తెలియదు, వాడికీ తెలియదు. తెలుగు మాట వినడానికి అంత దూరంలో ఒక మనిషి దొరికాడు, నాకది చాలు.

"ఏంది మామా ఈ గాలి? మా చేన్లో వడగాలే శానా మేలు. అదన్నా కాలుస్తాదని తెలుస్తాది. ఇది యాడ కొరుకుతాందో గూడా తెల్లేదు," అన్నాడు ఒకరోజు బంకరులో.

వాడి పెట్టెలో ఒక ఎర్ర తువాలు ఉండేది. కొత్తది, పెద్దది. వాళ్ళక్క ఇచ్చింది. తల్లి పోయాక వీణ్ణి పెంచింది ఆమే. "గాలి ఉండే చోటికి పోతాండావు, మూతికి కట్టుకో అనింది మామా," అని చూపించాడు. నేను నవ్వాను. మీకూ నవ్వు రావాలి, ఎందుకంటే మనవాళ్ళు తప్ప ఈ పని ఎవరూ చేయరు. మార్చి దాటిందంటే జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా ఏ రోడ్డుమీద చూసినా కళ్ళు మాత్రమే కనబడే మనుషులు. తువాలు నీళ్ళలో ముంచి, పిండి, ముక్కూ మూతీ చుట్టేసుకుని చేనికి పోతారు. మనకు గాలి అంటే వేడి. గాలి వస్తే ముఖం కప్పాలి. ఇది ఎవరూ నేర్పరు, చేతులకే తెలుసు. "ఈడ అది పనికిరాదబ్బీ, పెట్టెలో పెట్టుకో," అన్నాను. మడిచి పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి చివర్లో ఒక సాయంత్రం పోస్టు నుంచి రావాల్సిన కాల్ రాలేదు. పొద్దునా సాయంత్రం వాళ్ళు 'అంతా బాగుంది' అని చెప్పాలి. అది నియమం. మా రేడియో తన సెట్టు ముందు కూర్చుని పిలుస్తూనే ఉన్నాడు.

"పోస్ట్, పోస్ట్. క్యాంప్ మాట్లాడుతున్నాను. వినబడుతోందా? ఓవర్."

గరగర తప్ప ఏమీ లేదు. ఆ మధ్యాహ్నం నుంచే గాలి విపరీతంగా రేగింది. మా గుడిసె రేకులు కొట్టుకుంటున్నాయి. తెల్లవారుజామున మళ్ళీ పిలిచాడు. మళ్ళీ గరగరే. ఆ గాలిలో హెలికాప్టర్ రాదని కింది నుంచి కబురొచ్చింది.

సుబేదార్ సాబ్ గఢ్వాల్ కొండల మనిషి. మాటలు పొదుపు. మమ్మల్ని నిలబెట్టి రెండు వేళ్ళు చూపించాడు. "రెండు కారణాలుంటాయి. ఒకటి, గాలికి యాంటెన్నా విరిగి ఉంటుంది. రెండు, పొగ." రెండోది అన్నప్పుడు ఎవరం ఎవరి ముఖమూ చూసుకోలేదు. పోస్టులో వెచ్చదనానికి బుఖారీ అనే కిరోసిన్ పొయ్యి వెలుగుతూ ఉంటుంది. దాని పొగ గొట్టం మంచుతో పూడిపోతే పొగ లోపలే తిరుగుతుంది. పడుకున్నవాళ్ళకు తెలియదు. పడుకున్నట్టే ఉంటారు. ఆ నలుగురిలో వంటవాడు కిందటి వారమే గోధుమరవ్వ హల్వా చేసి, కిందికి వచ్చే జవాను చేత మాకు టిఫిను గిన్నెలో పంపాడు. ఖాళీ గిన్నె ఇంకా మా దగ్గరే ఉంది.

ఆర్డరు చిన్నది. అయిదుగురు. ముందు దారి చూపే లద్దాఖీ జవాను, తర్వాత సుబేదార్ సాబ్, నేను, రేడియో, ఆఖర్న నర్సింగ్ అసిస్టెంటు. తాడు, మంచు గొడ్డళ్ళు, దారి గుర్తుకు నాటే జెండా కర్రలు, కొత్త సెట్టు, యాంటెన్నా తీగ, స్ట్రెచరుగా లాక్కెళ్ళే స్లెడ్జి. ఒక పెద్ద ఫ్లాస్కు నిండా టీ. ఆ టీ పోస్టులో ఉన్నవాళ్ళకు, మాకు కాదు. ఆరింటికి బయలుదేరాం.

లోయలో గాలి ఎదురుగా వచ్చింది. నాకు మొదట్లో కోపం వచ్చింది. గాలిమీద కోపం ఏమిటని అడగకండి, రెండడుగులు వేస్తే ఒక అడుగు వెనక్కి తోస్తుంటే మీకూ వస్తుంది. తల వంచుకుని, ముందువాడి మడమలు చూసుకుంటూ నడవడమే. గాలి ఇసుకనూ మంచునూ కలిపి ముఖాన కొడుతోంది. కళ్ళద్దాలమీద చిటపటమని శబ్దం. మాట్లాడితే పక్కవాడికి వినబడదు. ఏటి ఒడ్డున రాళ్ళు, రాళ్ళమీద పలచటి మంచుపొర. పాదం పెట్టిన ప్రతిసారీ జారుతుందేమోనని ఒళ్ళు బిగబట్టాలి. ఆ బిగువుకే ఎక్కువ అలసట.

నడుస్తున్నంతసేపూ నా మనసులో ఒకటే లెక్క. సాయంత్రం కాల్ రాలేదు. అంటే అప్పటికే ఏదో జరిగింది. రాత్రంతా గడిచింది. ఇప్పుడు మేం ఎంత వేగంగా నడిస్తే మాత్రం ఏం లాభం? మళ్ళీ నాకు నేనే చెప్పుకున్నాను, యాంటెన్నానే అయి ఉంటుంది, యాంటెన్నానే. కాసేపటికి పొగ గొట్టం గుర్తొచ్చేది. ఇట్లా ఎన్నిసార్లు అటూ ఇటూ కొట్టుకున్నానో. వేగం పెంచబోతే సుబేదార్ సాబ్ వెనక్కి తిరిగి అరచేయి చూపించాడు. నెమ్మది. చెమట పట్టకూడదు.

గంటకోసారి రేడియో క్యాంపుతో మాట్లాడాలి. మొదటి మలుపు దగ్గర మాట్లాడాడు, గొంతు మామూలుగానే ఉంది. రెండోసారి లారీ అంత బండ చాటున ఆగినప్పుడు గొంతు మారింది. మాట గుడ్డలోంచి వచ్చినట్టు వచ్చింది.

"గొంతు ఏందబ్బీ అట్ల పోయింది?" అని చెవి దగ్గర అరిచాను.

"గాలి మామా. ఏం కాలే. పోదాం పా."

వాడి ముఖం కనబడటం లేదు. కనుబొమల నుంచి గడ్డం దాకా మంకీ క్యాప్, పైన కళ్ళద్దాలు, దానిమీద కోటు టోపీ. అందరం అట్లాగే ఉన్నాం. అనుమానించడానికి కారణం కనబడలేదు.

పది దాటాక గ్లేసియర్ మీదికి ఎక్కాం. అక్కడి నుంచి అయిదుగురికీ ఒకే తాడు. నడుముకు కొక్కెం, మనిషికీ మనిషికీ మధ్య పది అడుగులకు పైగా ఎడం. అక్కడ భయం రాళ్ళది కాదు, పగుళ్ళది. మంచు జరుగుతూ ఉంటుంది కాబట్టి ఎక్కడికక్కడ చీలుతుంది. చీలికమీద కొత్త మంచు పొర కప్పేస్తుంది. పైనుంచి చూస్తే నేల. కింద ఏమీ ఉండదు. రేడియో వీటిని మొదటి రోజు నుంచీ నెర్రెలు అనేవాడు. పెద్దముడియం వైపు నల్లరేగడిలో పుట్టినవాడు ఇంకేమంటాడు? ఎండాకాలం ఆ నేల కాలు దూరేంత నెర్రెలు విచ్చుతుంది. గొడ్డు కాలు దిగబడితే విరిగినట్టే. అందుకే అక్కడ పెద్ద నెర్రె కనబడితే పక్కన ఒక కంప గుచ్చి పోతారు, వెనక వచ్చేవాడు చూసుకుంటాడని.

లద్దాఖీ జవాను కర్రతో పొడిచి చూసుకుంటూ పోతున్నాడు. అనుమానమున్న చోటల్లా ఒక జెండా కర్ర నాటుతున్నాం. గాలికి ఆ గుడ్డముక్కలు అప్పుడే పీలికలవుతున్నాయి. తెచ్చిన కర్రలన్నీ అయిపోయాయి. ఆ తర్వాత ఒక చోట వాడు దాటాడు. సుబేదార్ సాబ్ దాటాడు. నేను అడుగు పెట్టాను. నేల లేదు.

ఒక్క క్షణంలో నడుము దాకా దిగిపోయాను. కాళ్ళు గాలిలో ఆడుతున్నాయి. కిందికి చూశాను, చూడకుండా ఉండాల్సింది. మంచు గోడలు లేత నీలంగా మొదలై, ముదురు నీలమై, నలుపై పోయాయి. అడుగు కనబడలేదు. ఆ చీలికలోంచి ఇంకో గాలి పైకి వస్తోంది, నింపాదిగా. తాడు బిగుసుకుంది. వెనక రేడియో బోర్లా పడి, గొడ్డలి మంచులో దిగ్గొట్టి, నన్ను పట్టి నిలిపాడు. ముందునుంచి సుబేదార్ సాబ్ లాగాడు. ఎట్లా బయటికొచ్చానో నాకు తెలియదు. మంచుమీద పడుకుని ఆకాశం చూస్తున్నాను, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. సిగ్గెందుకు, ఏడ్చాను కూడా. వెనకవాళ్ళిద్దరూ పగులును చుట్టి మా పక్కకు వచ్చారు.

"బతికించినావబ్బీ," అన్నాను.

వాడు మోకాళ్ళమీద కూర్చుని నోటివైపు చూపిస్తున్నాడు. నేను పాకి వెళ్ళి వాడి మంకీ క్యాప్ పైకి లాగబోయాను. రాలేదు. చెక్కను లాగినట్టు ఉంది. అంచు ఎత్తి చూస్తే లోపల ఎర్ర గుడ్డ.

పొద్దున చీకట్లో బయలుదేరుతూ కట్టుకున్నాడు. బయట గాలి వినబడింది, చేతులు వాటంతటవే కట్టేశాయి. నాలుగు గంటలపాటు ఊపిరి ఆవిరి ఆ నూలు బట్టలోకి దిగింది. దిగినదంతా గడ్డకట్టింది. మీసం, ముక్కు, పెదవులు, తువాలు అన్నీ ఒకటే గడ్డ. ఎడమ పక్క సందులోంచి ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ ఊపిరితోనే నన్ను పట్టుకుని నిలబడ్డాడు.

నర్సింగ్ అసిస్టెంటు ఫ్లాస్కు చేతికి తీసుకుని సుబేదార్ సాబ్ వైపు చూశాడు. అది పైనున్న నలుగురి టీ. సుబేదార్ సాబ్ పైకి, పోస్టు ఉన్న వైపు ఒకసారి చూసి తల ఊపాడు. గాలికి అడ్డంగా మేం గుండ్రంగా కూర్చున్నాం. గుడ్డకూ చర్మానికీ మధ్య కొంచెం కొంచెం టీ పోస్తూ, వేళ్ళతో విడదీస్తూ పోయాడు. తువాలంతా టీతో నానింది. చివరికి ఊడింది. దానితోపాటు ముక్కు మీది చర్మం కాస్త వచ్చింది. ముక్కు కొన కొవ్వొత్తిలా తెల్లగా ఉంది.

"నొప్పి లేదు మామా," అన్నాడు రేడియో, నన్ను ఊరడించడానికి.

నర్సింగ్ అసిస్టెంటుకు హిందీలో చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు. "నొప్పి ఉంటే బాగుండేది." తొడుగు తీసి తన అరచేతిని ఆ ముక్కుమీద కప్పి పెట్టాడు. ఆ చలిలో ఒట్టి చెయ్యి. ఎంతసేపు ఉంచాడో!

"ఎవరు కట్టుకోమన్నారు?" సుబేదార్ సాబ్ గర్జించాడు.

"అక్క, సాబ్."

ఆయన చూపు తువాలుమీదికి మళ్ళింది. ఆయనకూ అక్క ఉందేమో. వెనక్కి పంపాలంటే తోడు ఇంకొకరు పోవాలి. ఉన్న తాడు ఒకటే. పైన సెట్టు బాగుచేయగలిగినవాడు వీడొక్కడే. "నడవగలవా?" అన్నాడు. "నడుస్తాను సాబ్." పొడి ఉన్ని మఫ్లరు కట్టి లేపారు.

లేచాక వాడు చేసిన పని చూసి నాకు ఒళ్ళు మండింది. తువాలు చేతిలో పట్టుకుని ఉన్నాడు. టీతో తడిసింది కదా, ఆ కాసేపటికే పలకలా బిగుసుకుపోయింది. నేను దిగబడిన పగులు అంచుకు కాస్త ఇవతల గొడ్డలితో సందు చేసి, తువాలును నిలువుగా గుచ్చి, చుట్టూ మంచు తొక్కుతున్నాడు.

"పైన నలుగురు ఉండారో లేరో తెల్లేదు, నువ్వు ఈడ ఏం చేస్తాండావ్?"

"కంప మామా. కర్రలు అయిపోయినాయి గదా. మళ్ళీ ఈ దావనే రావాల."

పోస్టు కనబడేసరికి పన్నెండు అయింది. తెల్లటి గుడిసె సగం మంచులో పూడి ఉంది. పొగ రావడం లేదు. అసలు గొట్టమే లేదు. యాంటెన్నా స్తంభం మధ్యకు విరిగి పడి ఉంది. మేం కేకలు వేశాం. గాలి మా కేకల్ని వెనక్కి తీసుకుపోయింది. తలుపు దగ్గర మంచు తవ్వుతున్నాను. ఒకటే అనుకుంటున్నాను, లోపల వాసన రాకూడదు, కిరోసిన్ వాసన రాకూడదు.

తలుపు సందులోంచి ఒక గొంతు వచ్చింది. "టీ తెచ్చారా?"

నేను మంచులోనే కూలబడి నవ్వాను. సుబేదార్ సాబ్ కూడా నవ్వాడు. ఆయన నవ్వడం నేను అదొక్కసారే చూశాను. టీ మాత్రం అర గ్లాసు కూడా మిగల్లేదు.

గొట్టం ఎగిరిపోగానే, ఆ నలుగురికీ పెద్దయిన పోస్టు కమాండర్ బుఖారీ ఆర్పేయించాడు. అందుకే బతికారు. కానీ వంటవాడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఎత్తు పడక వచ్చే జబ్బు అది. మిగతా ముగ్గురు రాత్రంతా వంతులవారీగా వాణ్ణి కూర్చోబెట్టి, ఒంటితో కాచుకుని ఉన్నారు. ప్రతి ఊపిరికీ గొంతులో గుడగుడమంటోంది. పెదవులు నేరేడు పండు రంగులో ఉన్నాయి. "ఈరోజే కిందికి దింపాలి. రేపటికి ఉండడు," అన్నాడు నర్సింగ్ అసిస్టెంటు. మెల్లగా అన్నాడు, కానీ చిన్న గుడిసె. వంటవాడు విన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

రేడియో మంచు గొడ్డలికి తీగ కట్టి, కొత్త సెట్టు నిలబెట్టి మాట్లాడాడు. ముక్కు చుట్టూ కట్టు, మాట ముద్దగా ఉంది. "క్యాంప్, క్యాంప్. నలుగురూ ఉన్నారు. మళ్ళీ చెబుతున్నాను, నలుగురూ ఉన్నారు. ఒకరిని తీసుకొస్తున్నాం. డాక్టరు సిద్ధంగా ఉండాలి. ఓవర్." అవతల ఎవరో దేవుడి పేరు తలుచుకోవడం సెట్టులో వినబడింది.

ముగ్గురినీ పోస్టులో ఉంచి, వంటవాణ్ణి పడక సంచీలో చుట్టి స్లెడ్జిమీద బిగించాం. ఇప్పుడు గాలి వీపుమీద ఉంది. సాయమనుకుంటారు. కాదు, తోస్తుంది. మనం ఆగాలనుకున్న చోట ఆగనివ్వదు. పైగా నేలమీది మంచునంతా లేపి మోకాళ్ళ ఎత్తున పారిస్తోంది. మా పొద్దుటి అడుగులు లేవు. జెండా కర్రలు సన్నవి, గుడ్డలు చిరిగిపోయాక ఆ తెలుపులో కర్ర ఏదో నీడ ఏదో తెలియలేదు. రెండు కర్రలు దొరికాయి. తర్వాత ఏమీ లేవు. స్లెడ్జి ఏటవాలులో మమ్మల్ని దాటిపోవాలని చూస్తోంది. దాన్ని వెనక్కి పట్టి నడుస్తున్నాం. ఆ పగులు ఎక్కడుందో నాకు తెలుసుననుకున్నాను. తెలియదు. ఈ గుట్ట దాటాక కదూ? కాదు, ఆ గుట్టేమో. ఒంటరిగా ఉంటే నా కాలు ఒక్కటే దిగబడేది. ఇప్పుడు ముందు దిగబడేది స్లెడ్జి. దానికి కట్టేసిన మనిషి చేతులు కూడా ఆడించలేడు.

లద్దాఖీ జవాను ఆగాడు. చెయ్యి ఎత్తాడు. మేం మడమలు తన్నిపట్టి స్లెడ్జిని ఆపాం.

నాలుగు బారల దూరంలో ఎర్రగా ఏదో నిలబడి ఉంది.

చుట్టూ ఉన్నదంతా కదులుతోంది. నేల కదులుతోంది, మా కోట్లు కొట్టుకుంటున్నాయి, తాడు ఊగుతోంది. అది కదల్లేదు. ఒక మూల మడతపడి, మడత అట్లాగే గడ్డకట్టి, అంచున కుచ్చులు కూడా ముళ్ళలా నిలబడి ఉన్నాయి. దాని పక్కన కొత్త మంచు నున్నగా పరుచుకుని ఉంది. నేను దిగబడిన గుంత ఆనవాలు కూడా లేదు. నేరుగా అక్కడికే పోతున్నాం మేం.

చుట్టూ తిరిగి దాటాం. దాటాక రేడియో వెనక్కి చూశాడు. "మా అక్క తువాలు మామా," అన్నాడు, తెచ్చుకుందామా అన్నట్టు. సుబేదార్ సాబ్‌కు భాష తెలియకపోయినా సంగతి తెలిసింది. "ఉండనీ. తర్వాత వచ్చేవాళ్ళకు కావాలి," అన్నాడు.

వెలుతురు పోకముందే క్యాంపు చేరాం. వంటవాడికి ఆక్సిజన్ పెట్టారు. మర్నాడు గాలి తగ్గి హెలికాప్టర్ వచ్చింది. వంటవాడూ రేడియో ఒకే హెలికాప్టర్లో పోయారు. వంటవాడు బతికాడు. రేడియోకు ముక్కు కొన నల్లబడింది, ఆసుపత్రిలో కొంత తీసేశారు. ఎక్కేముందు నా చెవిలో ఒకమాట చెప్పాడు. "మా అక్కకు తువాలు సంగతి చెప్పొద్దు మామా. ఆమె తట్టుకోలేదు."

ఎండాకాలంలో నాకు సెలవు దొరికింది. వస్తూ దారిలో ఆసుపత్రికి పోయి వాణ్ణి చూశాను. వాడి జీతం పొట్లం కాదు, ఉత్తరం కాదు, ఏమీ లేకుండా ఒట్టి చేతులతో వాళ్ళ ఊరు వెళ్ళాను, వాడు బాగున్నాడని నా కళ్ళతో చూసిన మాట చెప్పడానికి. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కడి నుంచి ఇంకో బస్సు. రోడ్డుకు రెండు వైపులా శనగ కోసేసిన నల్లటి చేలు, నెర్రెలు విచ్చి ఉన్నాయి. బస్సు కిటికీలోంచి వడగాలి కొడుతోంది. బస్సులో సగం మంది ముఖాలకు తువాళ్ళు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

వాళ్ళక్క బలమైన మనిషి. చేని నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తడి తువాలు మెడలో ఉంది. మజ్జిగ ఇచ్చింది. నిలబడే మాట్లాడింది.

"కూర్చోన్నా. మావోడు ఎట్లుండాడు? ఫోన్లో ముక్కు రవంత గీరుకుందన్యాడు. ఫోటో పంపమంటే పంపడు."

"బాగుండాడమ్మా. తింటాండాడు, నడుస్తాండాడు. ముక్కు కొన కొంచెం పోయింది. మంచు."

ఆమె మెడలోని తువాలు తీసి ముఖం తుడుచుకుంది. తర్వాత కోపం వచ్చింది. "నాకు తెల్సు. నేనిచ్చిన తువాలు కట్టుకోనుండడు. గాలిలో మూతి కప్పుకోరా అని చిలక్కి చెప్పినట్ల చెప్పినా. ఇంటే గదా! కట్టుకునింటే ముక్కు పోతాండెనా? నువ్వే చెప్పన్నా."

నా చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. పగులులో వేలాడినప్పుడు కూడా నా నోరు అంత ఎండలేదు. కట్టుకోలేదంటే వాడు అక్క మాట విననివాడవుతాడు. కట్టుకున్నాడంటే ఆ ముక్కు ఆమె చేతులతోనే పోయినట్టు. ఆమె నా ముఖంలోకే చూస్తోంది, కదలడం లేదు.

"ఆ తువాలు లేకుంటే మేం ఆరుగురం ఈ పొద్దు లేమమ్మా," అన్నాను. దారి తప్పిన చోట అదే మాకు గుర్తుగా నిలబడిందని చెప్పాను. నెర్రె పక్కన కంప మాదిరి గుచ్చినాడని చెప్పాను. అంతవరకే చెప్పాను.

"అందుకా వాని మూతికి లేకపోయింది," అందామె మెల్లగా. కొంగుతో కళ్ళొత్తుకుంది. "పిచ్చినాకొడుకు. అందరికోసరం తీసిచ్చినాడు." ముఖం గర్వంతో వెలిగింది. నేను తలవంచుకుని మజ్జిగ తాగాను.

బయలుదేరుతుంటే లోపలికి పోయి ఇంకో తువాలు తెచ్చింది. అదీ ఎర్రదే, మడత విప్పనిది. "ఇది వానికియ్యి. ఈసారన్నా కట్టుకోమను. నా మీద ఒట్టని చెప్పు."

తీసుకున్నాను. తీసుకోక ఏం చేస్తాను? సెలవయ్యాక తిరిగిపోతూ ఆసుపత్రిలో రేడియో చేతికిస్తే చాలాసేపు పట్టుకుని చూశాడు, ఒళ్ళో పరుచుకున్నాడు, మళ్ళీ మడిచి నాకే ఇచ్చాడు. "నీ దగ్గరే పెట్టుకో మామా. నాకు చేతులు ఊరుకోవు."

ఇప్పుడు రిటైరై ప్రొద్దుటూరులోనే ఉన్నాను. ఆ తువాలు ఎండాకాలంలో నేనే కట్టుకుంటాను, తడిపి, పిండి, మనందరి మాదిరిగానే. సాయంత్రం మా ఆవిడ దాన్ని ఉతికి మిద్దెమీద తీగకు వేస్తుంది. గండికోట వైపు నుంచి గాలి వస్తే పటపట కొట్టుకుంటుంది. అది కొట్టుకుంటున్నంతసేపూ నాకు ఫరవాలేదు. గాలి ఉన్నట్టుండి ఆగి, అది నిటారుగా వేలాడి కదలకుండా నిలబడితే మాత్రం, చేతిలో పని ఏదున్నా వదిలేసి మిద్దె ఎక్కి దాన్ని ముట్టుకుని చూస్తాను. మెత్తగా ఉంటుంది. అయినా దాన్ని చుట్టి పక్కకు నడుస్తాను, నేరుగా ముందుకు అడుగు వేయను.